పీటరాయి మీద నలభై ఒక్క నత్తలు

కోనసీమలో రాయి పుట్టదు. ఎంత లోతు తవ్వినా ఒండ్రు, దాని కింద ఇసక, ఇసక కింద ఉప్పునీళ్లు. ముక్తేశ్వరంలో మా ఇంట్లో పచ్చడి నూరే రోలు కూడా గోదావరి దాటి వచ్చిందే. అందుకని మా వదినగారి అరవై రెండు రాళ్ల గురించి చెప్పేముందు అవి ఎక్కణ్ణించి వచ్చేయో చెప్పాలి.

వదినగారంటే మా ఆవిడకి అక్క. ఏరు సముద్రంలో కలిసే మొగకి దగ్గర్లో, ఉప్పుటేటి గట్టు మీద వాళ్ల ఇల్లు. ఆవిడ అత్తగారు బతికున్న రోజుల్లో ఎక్కడో ఎగువన పాత తూము ఒకటి పడగొట్టేరట. ఆ రాళ్లు పడవలో వేసుకొచ్చి, ఇంటెదురుగా ఏటి బురదలో రెండేసి బారల ఎడంతో వరసగా దింపించేరట. ఊళ్లోవాళ్లు నవ్వేరట కూడా. రెండేళ్లు తిరిగేసరికి ఆ రాళ్ల నిండా ఆల్చిప్పలు.

ఆల్చిప్ప పిల్ల కంటికి ఆననంత చిన్నది. నీళ్లలో కొన్నాళ్లు తేలుతూ తిరుగుతుంది. గట్టిది ఏదైనా తగిలితే అంటుకుంటుంది, ఇంక బతికినన్నాళ్లూ అక్కణ్ణించి కదలదు. బురదలో పడిందా, అంతే సంగతులు. మైళ్ల పొడుగునా బురదే ఉన్న ఏటిలో ఆ అరవై రెండు రాళ్లూ ఎన్ని లక్షల ప్రాణాలకి ఆధారమో నేను చాలాకాలం ఆలోచించలేదు. వెళ్లినప్పుడల్లా గట్టు మీద కూర్చుని కూర తిని వచ్చేసేవాణ్ణి.

అత్తగారి తరవాత రాళ్లు వదినగారి చేతికి వచ్చేయి. పాటుకి ఏటి నీరు వెనక్కి తీసినప్పుడు మోకాలి లోతు బురదలో దిగి, చిన్న ఉలితో పెద్ద చిప్పలు ఊడదీస్తారు. మాంసం సంతకి వెళ్తుంది, చిప్పలు సున్నపు బట్టీకి వెళ్తాయి. మా తోడల్లుడుగారు వలకి వెళ్తారు గాని, ఆ ఇల్లు నడిచేది ఎక్కువ వదినగారి రాళ్ల మీదే.

మూడేళ్ల కిందట ఆ రాళ్ల మీద కొత్త పిల్ల పలచబడింది. పెద్దవి ఊడదీసిన చోట చిన్నవి రాకపోతే రెండేళ్లలో రాయి బోడైపోతుంది. అప్పుడు ఇంక మిగిలేది రొయ్యల షెడ్డు. గట్టు మీదికి వ్యాను వచ్చి ఆడవాళ్లని ఎక్కించుకుపోతుంది. ఐసులో ఉన్న రొయ్యలు నిలబడి ఒలవాలి. వదినగారు అంతకు ముందు ఒక వేసవి వెళ్లేరు. చేతివేళ్లు మొద్దుబారి, చీలికలు పడి, పని మానేసిన నాలుగు నెలలకి గాని మామూలు కాలేదు.

"అన్నం కలుపుకోలేక చెంచాతో తిన్నానండి మరిదిగారూ. పిల్లిని నిమిరితే బొచ్చు తెలిసేది కాదు. మళ్లీ ఆ షెడ్డు గుమ్మం ఎక్కమంటే మాత్రం నా వల్ల కాదు," అన్నారు.

నన్నెందుకు పిలిచేరంటే, నేను లెక్కల మనిషినని మా చుట్టాల్లో పేరు. పదో తరగతి తప్పింది లెక్కల్లోనే. ఆ తరవాత పట్టుదల పుట్టి పాత పుస్తకాలు కొనుక్కుని నాకు నేనే నేర్చుకున్నాను. నా పని కొబ్బరి దింపుల దగ్గర కాయ లెక్కపెట్టడం. చేతికి రెండేసి, విసురుకి నాలుగు. మొదటి విసురుకి ఒకటి అనం, లాభం అంటాం. లాభం, రెండు, మూడు అని ఇరవై అయిదు విసుర్లైతే వంద. వంద కాగానే ఆఖరి కాయ తీసి పక్కన పెడతాం. అది గుర్తు కాయ. ఎన్ని గుర్తులుంటే అన్ని వందలు. గుర్తు కాయని మళ్లీ రాశిలో కలపకూడదు, కలిపితే ఆ దింపు మొత్తం తిరిగి లెక్కపెట్టాల్సిందే. చివర్లో అవి చెట్టెక్కినవాళ్లకి వదిలేస్తాం. ముప్ఫై ఏళ్లుగా నా చెయ్యి అదే అలవాటు మీద నడుస్తోంది.

కార్తీక అమావాస్యకి పాటు బాగా తీసింది. వెదురుబద్దలతో మూరెడు చదరం ఒకటి కట్టి పట్టుకెళ్లేను. ప్రతి రాయి మీదా దాన్ని పెట్టి ఆల్చిప్ప పిల్లలెన్ని, నత్తలెన్ని అని నోటుబుక్కులో రాసుకున్నాను. మూడు రోజులు పట్టింది. నత్తలు వంద దాటిన రాళ్లు పంతొమ్మిది. వాటిలో పద్నాలుగింటి మీద పిల్ల పది కూడా లేదు. పైగా చచ్చిన చిప్పలు కొన్నింటికి సూదితో పొడిచినట్టు గుండ్రటి బెజ్జాలున్నాయి.

"దొంగ దొరికిందండి," అన్నాను. "నత్తలే. ఇవి తినేస్తున్నాయి."

తోడల్లుడుగారు నావకి తారు రాస్తున్నవారు తలెత్తేరు. "మా అమ్మ కాలంనించీ ఉన్నాయి కదా తమ్ముడూ నత్తలు?"

"ఉన్నాయి సరే అన్నయ్యగారూ, ఎన్ని ఉండేవో లెక్కుందా?"

"లేదు."

"అదీ సంగతి."

ఆ 'అదీ సంగతి' అన్నప్పుడు నా గొంతులో ఎంత ధీమా ఉందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తరవాతి పౌర్ణమి పాటుల్లో నేనూ వదినగారూ నత్తలు ఏరేం. ఎగువ చివర ఒక బల్లపరుపు రాయి ఉంది. పీటలా ఉంటుంది కాబట్టి పీటరాయి అంటారు. ముందు దాన్ని శుభ్రంగా ఏరేసి, దాని మీద నా గుర్తులు పెట్టుకున్నాను. బకెట్టులోకి తొంభై తొమ్మిది, నూరోది పీటరాయి మీదకి. మళ్లీ లాభం, రెండు, మూడు. ఆఖరికి గుర్తులు నలభై ఒకటి, పైన ముప్ఫై ఆరు. మొత్తం నాలుగు వేల నూట ముప్ఫై ఆరు నత్తలు.

వదినగారు పీటరాయి మీదవి కూడా గుప్పిటితో తీసి బకెట్టులో వెయ్యబోయేరు.

"అయ్యయ్యో, గుర్తువి కలపకూడదండి!"

"ఇవేమన్నా కొబ్బరికాయలా?"

"ఏవైనా సరేనండి. గుర్తు గుర్తే."

"ఆయ్, అలాగే కానియ్యండి. లెక్కల దేవుడికి కోపం వస్తే ఎవరు పడతారు," అని నవ్వి వదిలేసేరు. అంతలో పోటు నీరు కాళ్లకి తగిలింది. గట్టెక్కేసేం. మిగతా నాలుగు వేల తొంభై అయిదు నత్తలూ కోతలైన చేలల్లో బాతులు మేపుకునేవాళ్లకి ఇచ్చేసేం. బాతులు రెండు పూటల్లో ఖాళీ చేసేయని తరవాత విన్నాను.

మొదటి నెల వదినగారు ఫోను చేసి సంబరంగా చెప్పేరు, రాళ్లు తలంటు పోసినట్టున్నాయని. రెండో నెల ఫోను రాలేదు. మూడో నెల వచ్చింది.

"మరిదిగారూ, రాళ్లకి జుట్టు మొలిచిందండి."

వెళ్లి చూసేను. ముందు సన్నటి పచ్చ పాచి పట్టిందట. దాన్ని పట్టించుకోలేదు. అది వెంట్రుకలై, వెంట్రుకలు జానెడు పొడుగు ఆకులై, పాటులో రాయికి అంటుకుపోయి తడిగుడ్డ కప్పినట్టున్నాయి. ఆ నాచు ఎత్తి చూస్తే కింద మెత్తటి బురద. రాయి కూడా బురదైపోయింది. ఆ ఏడు పిల్ల పట్టే రోజులు వచ్చేయి, పోయేయి. అంటుకోడానికి చోటు లేదు.

వదినగారు కొబ్బరిపీచు పెట్టి నాచు పట్టిన రాళ్లన్నీ తోమేరు. పదిహేను రోజుల్లో మళ్లీ వచ్చింది. మళ్లీ తోమేరు. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నయ్యగారు మాత్రం ఊరుకోలేదు. "ఇంతకీ పదో తరగతిలో నీకు మార్కులు వేసినాయన తెలివైనవాడు తమ్ముడూ," అన్నారు. నాకు నవ్వు రాలేదు.

ఆ వేసవిలో ఫోనులో ఒక వీడియో చూసేను. ఎక్కడో లోతు తక్కువ సముద్రంలో పగడాల తోట. పగడమంటే రాయనే నేను అంతవరకూ అనుకున్నాను. కాదట, గుండుసూది తలకాయంత జంతువులు లక్షల కొద్దీ కలిసి కట్టుకున్న ఇల్లట. దాని చుట్టూ రంగురంగుల చేపలు నాచు కొరుక్కు తింటూ తిరుగుతున్నాయి. ఆ చేపల్ని పట్టేసిన చోట నాచు పెరిగి పగడాన్ని కప్పేసింది. చూసి ఆశ్చర్యపోయి, ఫోను పక్కన పెట్టి, దింపు లెక్కకి వెళ్లిపోయేను. అది మా ఏటి సంగతే అని తట్టలేదు.

వరద వచ్చి వెళ్లింది. ఏటికి మళ్లీ ఉప్పు ఎక్కింది. మార్గశిరంలో మా ఆవిడ పుట్టింటివైపు పని ఉండి వెళ్లి, దారిలో వదినగారింట్లో ఆగేను. ఆవిడ చెప్పేరు, శివరాత్రి మర్నాటి నుంచి షెడ్డుకి వస్తానని మేస్త్రీకి మాటిచ్చేనని. చెప్పినంతసేపూ కుడిచేతి వేళ్లని ఎడమచేత్తో నలుపుకుంటూనే ఉన్నారు. నేను తలెత్తి ఆవిడ మొహం చూడలేక, రాళ్లు చూసొస్తానని బురదలో దిగేను.

అరవై ఒక్క రాళ్లు పచ్చగా ఉన్నాయి. చివరిది బూడిద రంగులో ఉంది.

దగ్గరకెళ్లి చూసేను. పీటరాయి మీద నాచు లేదు. నాచు సరే, పాచి కూడా లేదు. గరుకుగా, కడిగిన రోలులా ఉంది. దాని మీద బొటనవేలి గోరంత, చిటికినవేలి గోరంత ఆల్చిప్ప పిల్లలు అంచులు పైకెత్తుకుని కిక్కిరిసి ఉన్నాయి. లెక్కపెట్టేను. రెండు వందల పదమూడు. ఆ తరవాత రెండు రోజులు మిగతా అరవై ఒక్క రాళ్ల మీదా వెతికి వెతికి లెక్కపెడితే అన్నీ కలిపి తొంభై నాలుగు.

పిల్లల మధ్య నత్తలున్నాయి. ముప్ఫై ఎనిమిది.

గుర్తు నత్తలు. నేను పెట్టినవి నలభై ఒకటి, మూడు తక్కువ. చుట్టూ బురద కాబట్టి రాయి దిగి ఎక్కడికీ పోలేదు. ఏడాది పైగా ఆ ఒక్క రాయినీ అవే చూసుకున్నాయి.

కేకేసేను. వదినగారు కంగారుగా, చీర ఎగదోపుకుని వచ్చేరు. "పాము కరిచిందా ఏమిటండి?"

చూపించేను. ఆవిడ వంగి చూసేరు. "ఈ చివర పరుగు నీరు కదండీ. అందుకని నాచు పట్టలేదనుకున్నాను."

"పక్క రాయి రెండు బారల దూరం. దానికీ అదే పరుగు కదండీ. అది చూడండి."

అది చూసేరు. మళ్లీ ఇది చూసేరు.

ఆ మధ్యాహ్నం బురద మీద చెక్క పలక వేసుకుని, దాని మీద బోర్లా పడుకుని, కళ్లద్దాలు తీసి భూతద్దంలా పట్టుకుని ఒక నత్తని చూస్తూ ఉండిపోయేను. అది కదులుతున్నట్టే ఉండదు. తల ఈ పక్కకీ ఆ పక్కకీ ఊపుతూ రాతిని నాకుతుంది. వెనక సన్నటి దారి పడుతుంది, వడ్లగింజ పొడుగంత వెడల్పు. ఆ దారిలో తడి మెరుపు తగ్గి రాయి రంగు బయటపడుతుంది. కంటికి పచ్చగా కూడా కనపడని పాచిని, అది ఇంకా నాచు కాకముందే తినేస్తోంది. దారిలో గోరంత ఆల్చిప్ప పిల్ల అడ్డొచ్చింది. ఊపిరి బిగబట్టి చూసేను. నత్త దాని మీదికెక్కింది, పైన పేరుకున్న పాచి నాకింది, అంచు చుట్టూ తిరిగింది, అవతలికి దిగిపోయింది. పిల్ల చెక్కుచెదరలేదు.

టేపు పెట్టి కొలిచేను. గంటకి తొమ్మిదంగుళాల దారి. వేసిన దారిలోనే మళ్లీ వెళ్లకపోతే, ముప్ఫై ఎనిమిదీ కలిసి ఆ రాయి పైముఖాన్ని ఇంచుమించు అయిదు గంటల్లో ఒకసారి తుడిచేస్తాయి. లెక్క రెండుసార్లు వేసేను, అదే వచ్చింది. ఎవరూ చెప్పకుండా, జీతం బత్తెం లేకుండా, కళ్లున్నాయో లేవో తెలియని ముప్ఫై ఎనిమిది ప్రాణులు వదినగారు రెండు చేతులా పీచు పెట్టి తోమినా చెయ్యలేని పని చేస్తున్నాయి. పోటు ఎక్కుతుంటే కొయ్యంగ చేపపిల్లలు గుంపుగా వచ్చి పక్క రాళ్ల నాచు మీద మూతులు రుద్దడం మొదలెట్టేయి. అవి వాటికి చేతనైనంత తింటున్నాయి గాని, నాచు అప్పటికే చెయ్యి దాటిపోయింది. నీళ్లు పలకని ఎత్తేదాకా నేను అక్కడే ఉన్నాను. ఎన్నో వేల దింపుల్లో ఎన్నెన్ని కాయలో లెక్కపెట్టేను. అంత చిన్నవాణ్ణి అయిపోయినట్టు ఎప్పుడూ అనిపించలేదు, అలా అనిపించడం బాగుంది కూడా.

సాయంత్రం అరుగు మీద పగడాల వీడియో ఇద్దరికీ చూపించి, అదీ ఇదీ ఒకటేనని చెప్పేను. అన్నయ్యగారు తన వేలికున్న పగడపు ఉంగరం తిప్పి తిప్పి చూసుకున్నారు. కుజదోషానికని పెట్టుకున్నది.

"అయితే నేను ఇరవై ఏళ్లుగా వేలికి పెట్టుకున్నది పురుగుల ఇల్లా?"

"పురుగులు కట్టిన ఇల్లేనండి అన్నయ్యగారూ."

"సిద్ధాంతిగారు ఈ ముక్క చెప్పలేదే!"

"కుజుడికైనా తెలుసో లేదో," అన్నారు వదినగారు. నవ్వు ఆగాక నావైపు తిరిగేరు. "మరి ఆ బెజ్జాలు ఎవరు పెట్టినట్టండి?"

"అదే నాకూ అర్థం కాలేదండి."

"మొన దేలిన నత్త ఉంటుంది కదండీ, గట్టిది. అది తొలుస్తుంది. గుండ్రటిది ఏమీ చెయ్యదు."

"మీకు ముందే తెలుసా? మరి అప్పుడు చెప్పలేదేమండి?"

"మీరు అడిగేరా? నత్తలన్నేరు. నత్తలేరేం."

నోటుబుక్కు తెచ్చి చూసుకున్నాను. 'నత్తలు' అని ఒకే ఒక్క గడి. అందులో తొలిచేదీ, నాకేదీ, అన్నీ ఒకటే. పది గుండ్రటివాటికి ఒకటి మొనదేలింది ఉన్నా ఉండొచ్చు, నా లెక్కకి తేడా లేదు. ఇంకొకటి కూడా ఉంది. నత్తలు మరీ వంద దాటిన చోట పిల్ల తక్కువుందన్నది అబద్ధం కాదు. నాకేవాళ్లు ఎక్కువైతే, ఇంకా సరిగ్గా అంటుకోని పిల్ల కూడా పాచితో పాటు పోతుందనుకుంటాను. అసలు లేకపోతే నాచు. నేను పట్టుకున్నది ఒక కొస. దాన్ని పట్టుకుని ఏకంగా రెండో కొసకి లాగేసేను.

శివరాత్రికి ఇంకా రెండు నెలల పైన ఉంది. పిల్ల పట్టే రోజులు సగం ముందున్నాయి.

ఏటికి అవతల మడ చెట్ల వేళ్లకి గుండ్రటి నత్తలు బోలెడు. అన్నయ్యగారి నావలో వెళ్లి రెండు పాటులు ఏరేం. వదినగారు ఒక్కొక్కదాన్నీ తిప్పి చూసి, మొనదేలినవి పక్కన పారేసేవారు. ముందు రాళ్లు తోమి, రాయికి నలభై చొప్పున వదిలేం. అరవై ఒక్క రాళ్లకి రెండు వేల నాలుగు వందల నలభై. ఈసారి గుర్తుకి నత్తలు కాదు, కొబ్బరి ఈనెలు గుచ్చుకున్నాను.

"ఏరిందీ నువ్వే, పెట్టేదీ నువ్వే. బాతులకి మేత దండగ," అన్నారు అన్నయ్యగారు తెడ్డు వేస్తూ.

"ఆ బాతుల గుడ్లు తిన్నది మీరేగా," అన్నారు వదినగారు.

శివరాత్రి మర్నాడు అమావాస్య. మధ్యాహ్నం ఒంటిగంటకి రాళ్ల తలలు బయటపడ్డాయి. రెండింటికి వ్యాను. వదినగారు సంచిలో పాత జాకెట్టు, పలుచటి చేతి తొడుగులు, అన్నం డబ్బా సర్దుకుని గట్టు మీద పెట్టి, బురదలో దిగి నా వెనక నిలబడ్డారు. రాయికి వంద పిల్ల ఉంటే చాలు, ఏడాది ఓపిక పడతానని ముందే చెప్పేరు.

రాళ్లు బూడిద రంగుకి తిరిగేయి. కొన్నింటి అంచులకి ఇంకా పచ్చ ఉంది. మొదటి రాయి మీద చదరం పెట్టి వంగేను. పెసరగింజంతవి. కొన్ని ఆవగింజంతవి, అద్దం పెట్టి చూస్తే గాని చిప్పని తెలియదు. లాభం, రెండు, మూడు అనుకుంటూ వంద దాటేను. నూట నలభై రెండు. రెండో రాయి నూట అరవై ఏడు. మూడోది ఎనభై ఎనిమిది. నాలుగోది నూట తొంభై. మూడోదాని మీద నత్తలు చూస్తే పదకొండే మిగిలేయి. ఆ మాట నోటుబుక్కులో రాసుకుంటుంటే గట్టు మీద వ్యాను హారను మోగింది.

నేను ఇంకా యాభై ఎనిమిది రాళ్లు చూడాలి. "ఒక్క అరగంట ఆగమనండి, ఇంకొన్నైనా చూడందే చెప్పలేను," అన్నాను.

వదినగారు అయిదో రాయి దగ్గర వంగి, కళ్లు మూసుకుని, వేలికొనలతో రాతిని తడిమేరు. మెల్లిగా, ఇటునుంచి అటు. మళ్లీ అటునుంచి ఇటు. గరుకు ఎంతుందో ఆ వేళ్లకి తెలుస్తోంది. హారను ఇంకోసారి మోగింది. ఆవిడ నిటారుగా నిలబడి, బురద చెయ్యి పైకెత్తి, రాను అన్నట్టు అడ్డంగా ఊపేరు. వ్యానులోంచి ఎవరో ఆడమనిషి ఏదో అరిచింది, నవ్వులు వినపడ్డాయి. వ్యాను కదిలి వెళ్లిపోయింది.

నేను ఆరో రాయికి వెళ్లేను. లెక్క వంద కాగానే అలవాటు కొద్దీ నూరోదాన్ని పక్కన పెట్టడానికి చెయ్యి వెళ్లింది. గోరు పెట్టి కదిపేను. కదల్లేదు.

"గుర్తుకి పీకకండి మరిదిగారూ," అన్నారు వదినగారు వెనకనించి. "వాటిని అక్కడే ఉండనివ్వండి."

ఆయ్ అని చెయ్యి తీసేసి, నూట ఒకటి నుంచి మళ్లీ మొదలెట్టేను.